చెన్నపట్నంలో ఒకపూట

బ్యాంకు పనిమీద చెన్నపట్నం వెళితే ఒకరోజు ఖాళీ దొరికింది. పొద్దున్నే ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్‌కు వెళ్లాను. 1948 నాటి హోటలది. ఇడ్లీలు మునిగేదాకా సాంబారు పోస్తారు, అడిగితే మళ్లీ పోస్తారు. ఆపైన నేతి దోసె, కాఫీ. మా ఆవిడ పక్కనుంటే ఇడ్లీతోనే లేపేసేది.

కోట చూశాను. 1639లో దామెర్ల నాయకులు ఇంగ్లీషు కంపెనీకిచ్చిన తీరభూమి అది. వారి తండ్రి చెన్నప్ప పేరే ఊరికి వచ్చిందంటారు.

అక్కణ్ణుంచి మైలాపూరు, రాయపేట హైరోడ్డు. బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు దీక్ష పట్టిన చోటు ఇప్పుడు స్మారకం. 1952 అక్టోబరు 19న కూర్చున్నారు, డిసెంబరు 15 రాత్రి పోయారు. లెక్కలవాణ్ణి గనుక వేళ్లమీద కూడాను: పదమూడు, ముప్పై, పదిహేను. మొత్తం 58 రోజులు. పొద్దుటి నెయ్యి ఇంకా గొంతులోనే ఉంది. సిగ్గేసింది.

ఆయన మద్రాసుతో కూడిన రాష్ట్రం అడిగారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర వచ్చింది. మద్రాసు ఇక్కడే ఉండిపోయింది, మా హోసూరూ ఉండిపోయింది. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ, ఈ పత్రిక వాళ్లకు నేనే చదివి వినిపించాలి.

బయటికొస్తుంటే వీధిలో ఒక పెద్దాయన భోజనమైందా అని తమిళంలో పలకరించాడు. అయిందన్నాను, తమిళంలోనే.