కౌన్సిల్ ఇళ్ల బదిలీ (బ్రిటన్)

బ్రిటన్‌లో స్థానిక కౌన్సిళ్లు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లను, వాటిలో కాపురముంటున్నవారితో సహా, లాభాపేక్ష లేని హౌసింగ్ అసోసియేషన్లకు అప్పగించడాన్ని కౌన్సిల్ ఇళ్ల బదిలీ అంటారు. 1988 నుంచి పది లక్షలకు పైగా ఇళ్లు ఇలా చేతులు మారాయి.

నేపథ్యం

1919 నాటి అడిసన్ చట్టంతో కౌన్సిళ్లు పెద్ద ఎత్తున ఇళ్లు కట్టడం మొదలుపెట్టాయి. 1980 గృహ చట్టం అద్దెదారులకు తామున్న ఇంటిని తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కునిచ్చింది. మంచి ఇళ్లు ముందుగా అమ్ముడుపోయాయి. మిగిలినవాటి మరమ్మతులకు అప్పు తెద్దామంటే ప్రభుత్వ ఆంక్షలు అడ్డొచ్చాయి. కౌన్సిల్ చేసే అప్పు ప్రభుత్వ రుణం కిందికి వస్తుంది. అసోసియేషన్ చేసేది అప్పట్లో ఆ లెక్కలోకి వచ్చేది కాదు. బదిలీలకు ప్రధాన కారణం ఇదే. 1988 డిసెంబరులో బకింగ్‌హామ్‌షైర్‌లోని చిల్టర్న్ జిల్లా కౌన్సిల్ మొట్టమొదటి బదిలీ జరిపింది.

2000లో ఇంగ్లండ్‌లో 'డీసెంట్ హోమ్స్' ప్రమాణం వచ్చాక ఇళ్లను బాగుచేయాలన్న ఒత్తిడి కౌన్సిళ్లపై పెరిగింది. వంటగది 20 ఏళ్లు, స్నానాలగది 30 ఏళ్లు దాటి ఉండటం ఆ ప్రమాణం చూసే లోపాల్లో కొన్ని.

అద్దెదారుల ఓటు

అద్దెదారుల్లో సగానికి పైగా మంది వద్దంటే ఇంగ్లండ్‌లో మంత్రి బదిలీకి అనుమతి ఇవ్వకూడదు. 2002 ఏప్రిల్‌లో రెండు పెద్ద నగరాలు రెండు రకాలుగా తీర్పిచ్చాయి. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 58 శాతం మంది సరేనన్నారు. సుమారు 90 కోట్ల పౌండ్ల పాత అప్పును ప్రభుత్వం భరించగా, 2003లో దాదాపు 80 వేల ఇళ్లు గ్లాస్గో హౌసింగ్ అసోసియేషన్‌కు వెళ్లాయి. బర్మింగ్‌హామ్‌లో మూడింట రెండు వంతుల మంది కాదన్నారు.

వాదనలు

అసోసియేషన్ బ్యాంకుల నుంచి అప్పు తెచ్చి కిటికీలు, బాయిలర్లు త్వరగా మార్చగలదనీ, పాలకమండలిలో అద్దెదారులకు చోటుంటుందనీ అనుకూలుర మాట. కౌన్సిలర్ పని చేయకపోతే ఎన్నికల్లో దించవచ్చు, అసోసియేషన్ బోర్డును అలా దించలేమని 'డిఫెండ్ కౌన్సిల్ హౌసింగ్' వంటి ఉద్యమాలు బదులిచ్చాయి. ఇంగ్లండ్‌లో బదిలీతో కౌన్సిల్ అద్దెదారుకున్న చట్టబద్ధ నివాస భద్రత కూడా మరో రకంగా మారిపోతుంది.

మధ్యేమార్గంగా, యాజమాన్యం కౌన్సిల్ దగ్గరే ఉంచి నిర్వహణను వేరే సంస్థకిచ్చే పద్ధతి ఉంది. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ ఇలాంటి సంస్థ నిర్వహణలోనే ఉండేది. 2017 జూన్ 14న అక్కడి అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. అంతకుముందే ప్రమాదం గురించి హెచ్చరించిన నివాసుల మాట ఎవరూ పట్టించుకోలేదు. 2018లో కౌన్సిల్ నిర్వహణను తిరిగి తీసుకుంది.

ప్రస్తుత స్థితి

2012 నుంచి ఇంగ్లండ్ కౌన్సిళ్లు అద్దెల రాబడిని తామే ఉంచుకుంటున్నాయి. 2018 అక్టోబరులో ఇళ్ల కోసం చేసే అప్పుపై పరిమితి కూడా పోయింది. దీంతో బదిలీకి ఉన్న ప్రధాన ఆర్థిక కారణం బలహీనపడింది. ఒకసారి బదిలీ అయిన ఇళ్లు తిరిగి కౌన్సిల్ చేతికి రావడం చాలా అరుదు. కాబట్టి అప్పు, అద్దె, నివాస హక్కుల వివరాలన్నీ అద్దెదారుల ముందుంచిన తర్వాతే ఓటు అడగడం న్యాయం.