వణుకు ఆగింది, మరి నిద్ర?

ముషైరిబ్‌లో రాత్రి పదిన్నరకి ఇంటికి ఫోన్ చేస్తే మన ఊళ్లో ఒంటిగంట. అప్పుడు కూడా నాన్నే ఫోన్ ఎత్తుతారు. పార్కిన్సన్స్ ఉన్న ఇళ్లలో ఇది మామూలే. ఈ ఎపిసోడ్‌లో ఆ నిద్ర సంగతే చెప్పుకున్నాం.

1817లో లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగుల గురించి రాశాడు (అందులో ముగ్గురు వీధిలో కనబడినవాళ్లే!). జబ్బు ముదిరితే నిద్ర చెడుతుందని అప్పుడే గమనించాడు. కానీ ఆ తర్వాత అందరి చూపూ వణుకు మీదే. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిద్ మెదడు లోపలికి సన్నని తీగ దించి, కరెంటుతో ఆపింది కూడా వణుకునే. 1993లో ఆ బృందం సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చోటికి మారాక ఒళ్లు బిగుసుకుపోవడమూ తగ్గింది. దాంతో చాలామందికి నిద్ర కూడా కాస్త కుదిరింది. మంచం మీద తనంతట తాను పక్కకి తిరగగలిగితే మనిషికి నిద్ర పట్టదూ!

కలలో అరవడం, కాళ్లు విసరడం మాత్రం వేరే కథ. 1986లో అమెరికాలో షెంక్, మహోవాల్డ్ దాన్ని విడిగా గుర్తించారు. ఈ ఆపరేషన్‌తో అది సాధారణంగా పోదు. నడక కోసం మెదడు కాండంలో పీపీఎన్ అనే చోట ప్రయత్నిస్తే కొందరిలో కలల నిద్ర పెరిగింది గానీ, అదింకా పరిశోధనే.

హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్ చేస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు, నాన్న రాత్రుళ్లు ఎలా ఉంటున్నారో అమ్మని అడిగి రాసుకోండి. పక్కన పడుకునేది ఆవిడే కదా.