మణియాచ్చిలో పది నిమిషాలు

1911 జూన్ 17, శనివారం. పొద్దున 10 గంటల 38 నిమిషాలకు తిరునెల్వేలి బండి మణియాచ్చి జంక్షన్‌లో ఆగింది. తూత్తుకుడి నుంచి సిలోన్ బోట్ మెయిల్ 10.48కి రావాలి. మొదటి తరగతి పెట్టెలో కలెక్టరు రాబర్ట్ విలియం ఆష్, ఆయన భార్య మేరీ ఎదురెదురుగా కూర్చున్నారు. బోట్ మెయిల్‌తో మదురై దారి పట్టి కొడైక్కానల్ చేరాలని వాళ్ల ప్రయాణం. నలుగురు పిల్లలూ అక్కడే ఉన్నారు.

ప్లాట్‌ఫారం మీద ఇద్దరు యువకులు ఆ పెట్టె వైపు నడిచారు. పిలకతో, శుభ్రమైన బట్టల్లో ఉన్నవాడు మెట్టెక్కాడు. సెంగోట్టైవాడు, తిరువాన్కూరు అటవీ శాఖలో చిన్న ఉద్యోగి. పేరు వాంచి, వయసు పాతిక. చేతిలో బెల్జియం బ్రౌనింగ్ పిస్తోలు.

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మామ. కోయంబత్తూరు పీలమేడులో ముప్ఫై ఏళ్లు లేతు పట్టిన మనిషి. మదురై నుంచి తూత్తుకుడికి ఒక పెళ్లికి పోతూ మణియాచ్చిలో బండి ఆగితే, కిటికీలోంచి బోర్డు చూపించాడు. ఇప్పుడు ఆ స్టేషన్ పేరు వాంచి మణియాచ్చి. చుట్టూ ఉన్నది పాత పాళెగాళ్ల సీమ. నాయకరాజుల కాలంలో దిగిన మా తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్న నేల. తెలుగు మాట్లాడే రాజకంబళం వంశంలో పుట్టిన పాళెగాడు కట్టబొమ్మను 1799లో బ్రిటిష్‌వాళ్లు ఉరి తీసిన కయత్తారు అక్కడికి ఎంతో దూరం లేదు.

“పిస్తోలు ఎందుకు తెచ్చాడో తెలుసా అప్పా? రివాల్వర్ ఎందుకు తేలేదు?” అన్నాడు మామ. నాకు తోచలేదు.

“రివాల్వర్‌లో వేలే పనంతా చేయాలి. మీట నొక్కుతుంటే చక్రం తిరగాలి, సుత్తి వెనక్కి పోవాలి. అంత బలం పెడితే చెయ్యి వణుకుతుంది, గొట్టం పక్కకు పోతుంది. బ్రౌనింగ్‌లో అలా కాదు. ఒకసారి పైభాగం వెనక్కి లాగి వదిలితే చాలు. ఆ తర్వాత పేలిన తూటా బలమే దాన్ని వెనక్కి తోస్తుంది, స్ప్రింగు ముందుకు తెస్తుంది, కొత్త తూటా ఎక్కుతుంది. వేలికి మిగిలేది చిన్న నొక్కుడే.”

అయితే దానికీ ఒక బలహీనత ఉంది. తూటా చెమ్మబట్టి పేలకపోతే రివాల్వర్‌కి ఇబ్బంది లేదు. మళ్లీ నొక్కితే పక్క గదిలోని తూటా వస్తుంది. పిస్తోలు అక్కడే ఆగిపోతుంది, రెండో చేత్తో లాగి పేలనిదాన్ని బయట పడేయాలి. ఎదురుగా మనిషి లేచి నిలబడినప్పుడు ఆ ఒక్క క్షణం ఎంత పొడుగో! గురి మాటకొస్తే, అంత పొట్టి గొట్టానికి దూరం కుదరదు. చెయ్యి చాచితే తగిలేంత దగ్గరికి పోవడానికే వాంచి సిద్ధపడ్డాడు.

అమెరికాలోని ఆగ్డెన్‌లో పుట్టిన జాన్ బ్రౌనింగ్ రూపం గీస్తే, బెల్జియంలో లీజ్ పక్కన హెర్స్టాల్ కర్మాగారం ఈ పిస్తోళ్లను వేలకొద్దీ చేసింది. బల్లపరుపుగా ఉండి బట్టల్లో దాగేవి. సావర్కర్ లండన్ నుంచి 20 బ్రౌనింగ్‌లను దొంగచాటుగా మన దేశానికి పంపాడు. వాటిలో ఒకటి 1909 డిసెంబరు 21న నాసిక్‌లో కలెక్టరు జాక్సన్ ప్రాణం తీసింది. వాంచికి పుదుచ్చేరిలో విప్లవకారుడు వి.వి.ఎస్. అయ్యర్ కాల్చడం నేర్పాడని చెబుతారు.

అంత పగ ఎందుకు? 1908లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ నడిపిన చిదంబరం పిళ్లెను పట్టుకున్నప్పుడు తూత్తుకుడిలో అధికారం ఆష్‌ది. ఓడలు నడిపిన ఆ మనిషి చేత కోయంబత్తూరు జైల్లో ఎద్దులా గానుగ తిప్పించారు. మా మామ ఆ గానుగ మాటెత్తితే గొంతు పూడుకుపోయేది.

పెట్టెలో ఆష్ తన టోపీ తీసి వాంచి మీదికి విసిరాడు. అడ్డుపెట్టడానికి చేతిలో ఉన్నది అదొక్కటే. పిస్తోలు మొరాయించలేదు. తూటా ఛాతీలో దిగింది, భర్త ఒరిగిపోవడం మేరీ ఎదురు సీటులోంచే చూసింది. ఆష్ చేసిన పనులకు నేను వకాల్తా పుచ్చుకోను. కానీ ఆ సీటు గుర్తొస్తే ఈ కథను జేజేలతో చెప్పడం నా వల్ల కాదు.

వాంచి దిగి పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం మీది మరుగుదొడ్డిలో దూరి, గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. ఆ చిన్న మీట అప్పుడూ మొరాయించలేదు.

గాయపడిన ఆష్‌ను వచ్చిన దారినే తిరునెల్వేలికి తీసుకుపోయారు. గంగైకొండాన్ చేరేసరికి ప్రాణం పోయింది. కొడైక్కానల్లో పిల్లలు అమ్మానాన్నల కోసం చూస్తూ ఉన్నారు.