షానిదార్ గుహలో పూలు ఎవరు పెట్టారు?

ఉత్తర ఇరాక్‌లోని కుర్దుల కొండల్లో షానిదార్ అనే పెద్ద గుహ ఉంది. 1960లో అమెరికా పురావస్తు శాస్త్రవేత్త రాల్ఫ్ సోలెకీ అక్కడ తవ్విస్తుంటే ఒక నియాండర్తల్ మగమనిషి ఎముకలు బయటపడ్డాయి. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు ముడుచుకుని నిద్రపోతున్నట్టు ఉన్నాడు. నియాండర్తల్ మనిషి మన జాతివాడు కాదు, దాయాది.

అతని చుట్టూ ఉన్న మట్టిని ఫ్రాన్స్‌లో పరీక్షించిన ఆర్లెట్ లెరోయ్ గూరాన్‌కు అందులో పుప్పొడి ముద్దలు ముద్దలుగా కనిపించింది. ఇంకేం, దాయాదులు తమవాణ్ణి పూలపాన్పు మీద సాగనంపారని లోకమంతా అనుకుంది. సోలెకీ 1971లో తన పుస్తకానికి ‘తొలి పూల మనుషులు’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టాడు. శవం మీద నాలుగు పూలు వేయందే మనసొప్పని మనలాంటి వాళ్లం ఆ కథను నమ్మకుండా ఎలా ఉంటాం?

అనుమానాలు తర్వాత వచ్చాయి. ఆ చుట్టుపక్కల బొరియలు తవ్వే ఒక రకం ఎలుకలు పూలను లోపలికి లాక్కుపోతాయని 1999లో ఒక పరిశోధకుడు గుర్తుచేశాడు. 2023లో ఇంకో బృందం తేనెటీగల వైపు వేలు చూపించింది. ఒక్కో ముద్దలో ఒకటికి మించిన పూల పుప్పొడి కలిసి ఉంది. పైగా ఆ పూలన్నీ ఒకే రుతువులో పూసేవి కావు. నేలలో గూడు పెట్టుకునే తేనెటీగలే దాన్ని మోసుకొచ్చి ఉండవచ్చు.

పూలు పోయాయి. వాటిని చూసి ఊహించుకున్న మతం కూడా పోయినట్టేనా?

మొక్కులూ మంత్రాలూ మట్టిలో మిగలవు. మిగిలేది చేతిపనే. ఫ్రాన్స్‌లోని బ్రూనికెల్ గుహలో ద్వారం నుంచి 336 మీటర్లు లోపలికి, పగటి వెలుగు చొరబడని చోట, విరగ్గొట్టిన సున్నపురాతి స్తంభాల ముక్కలు, సుమారు 400, వలయాలుగా పేర్చి ఉన్నాయి. నిప్పు పెట్టిన ఆనవాళ్లూ ఉన్నాయి. వయసు దాదాపు 1,76,500 ఏళ్లు. అప్పటికి ఆ ప్రాంతంలో ఉన్నది నియాండర్తల్ జనమే. అక్కడ వాళ్లు పూజే చేశారని చెప్పడానికి ఆధారం లేదు. కానీ అంత చీకట్లోకి దివిటీ పట్టుకుని వెళ్లి, అంత బరువు మోసి, పొందిగ్గా పేర్చడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, కూడబలుక్కుని చేసిందే.

షానిదార్‌లోనే సోలెకీకి ఇంకొకతను దొరికాడు. చిన్నప్పుడో పడుచు వయసులోనో తగిలిన దెబ్బలకు ఒక కన్ను దాదాపు పోయింది, కుడిచెయ్యి చచ్చుబడింది, నడక కుంటుపడింది. అయినా నడివయసు దాకా బతికాడు. వేటాడి తినే గుంపులో అలాంటివాడు బతికాడంటే అతనికి అన్నం పెట్టినవాళ్లు ఉన్నారు. పూల కథ కంటే ఈ ఎముకలే మనసును ఎక్కువగా పట్టుకుంటాయి.

2018లో కేంబ్రిడ్జి బృందం అదే గుహలో, పూల మనిషి దొరికిన చోటి పక్కనే, మరొకరి పైభాగపు ఎముకలను కనుగొంది. సుమారు 75,000 ఏళ్ల నాటివి. ఆ చోట నిలువెత్తు బండ ఒకటుంది. దాని పక్కనే ఒకరి తర్వాత ఒకరిగా కొందరిని పడుకోబెట్టినట్టుంది. అంటే వాళ్లు ఆ బండను గుర్తుపెట్టుకుని, తమవాళ్లు పోయినప్పుడు మళ్లీ అక్కడికే వచ్చి ఉండవచ్చు. కొత్తగా దొరికిన ఆ మనిషి ఎడమచెయ్యి తలకింద దిండులా మడిచి ఉంది.