నడుము వాల్చడమా, నడుము బిగించడమా?

మన జాతీయాలలో నడుముకు పని ఎక్కువ. అలసినవాడు కాసేపు నడుము వాలుస్తాడు. పూనుకున్నవాడు నడుము బిగిస్తాడు. ఒళ్ళు దాచుకోనివాడు నడుము వంచి పనిచేస్తాడు. దెబ్బతిన్నవాడి నడుము విరుగుతుంది. ఈ జాతీయాలను ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలచేత సొంతవాక్యాలలో రాయించాను. నడుమునొప్పికి జరిగిన వైద్యం చరిత్ర కూడా ఈ వాల్చడం, బిగించడం, వంచడం అనే మూడింటి మధ్య పెనుగులాటేనని ఉద్యోగ విరమణ తరువాత గాని నాకు తెలియలేదు.

1991 సంక్రాంతి వెళ్ళిన వారానికి మా నాన్నగారు ధాన్యపు బస్తా ఒకటి పక్కకు జరపబోయి, నడుము పట్టేసి కూలబడ్డారు. అప్పటికాయనకు యాభై ఎనిమిదేళ్ళు. పట్నంలో చూపిస్తే, వైద్యుడు ఆరు వారాలు చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకోమన్నాడు. కాలకృత్యాలకు తప్ప లేవరాదన్నాడు. వడ్రంగిని పిలిచి ఆ బల్ల నేనే చేయించాను. పదోనాడు నాన్నగారు "కాస్త చేనుదాకా నడిచివస్తానురా" అన్నారు. నేను కసిరి పడుకోబెట్టాను. చదువుకున్న కొడుకు మాట కనుక విన్నారు. ఆరు వారాలు గడిచేసరికి నొప్పి తగ్గిన మాట నిజమే. కాని పిక్కలు కరిగిపోయాయి, లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి, వంగడమంటే భయం పట్టుకుంది. ఆ ఏడు పొలం కౌలుకిచ్చారు. మళ్ళీ వెనక్కు తీసుకోలేదు.

ఆ బల్ల వెనుక ఉన్న శాస్త్రమేమిటో వెతకాలన్న బుద్ధి నాకు చాలా ఆలస్యంగా పుట్టింది.

విశ్రాంతిని సిద్ధాంతంగా నిలబెట్టిన ఘనత ముఖ్యంగా ఇద్దరు బ్రిటిష్ వైద్యులది. లండన్‌లోని గైస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ 1860-62 మధ్య ఇచ్చిన ఉపన్యాసాలు 1863లో పుస్తకమయ్యాయి. నొప్పి అన్నది శరీరం విశ్రాంతిని కోరుతూ చేసే విన్నపమని ఆయన వాదం. రెండవవాడు లివర్‌పూల్‌లో వైద్యం చేసిన హ్యూ ఓవెన్ థామస్. తరతరాలుగా ఎముకలు సరిచేసే వంశంలో పుట్టినవాడు. విశ్రాంతి నిర్బంధంగా, ఎడతెగకుండా, దీర్ఘకాలం సాగాలని ఆయన పట్టు. వారిని తప్పుపట్టలేము. వారు చూసినవి విరిగిన ఎముకలు, క్షయ సోకిన కీళ్ళు. సూక్ష్మజీవనాశకాలు లేని ఆ కాలంలో కదలకుండా ఉంచడమే వాటికి ఉన్న మందు. చిక్కెక్కడ వచ్చిందంటే, విరిగిన ఎముకకు చెప్పిన మాటను పట్టేసిన నడుముకు కూడా అన్వయించారు. తర్కశాస్త్రంలో దీనిని అతివ్యాప్తి దోషమంటారు.

1934లో ఈ ధోరణికి మరో ఊతం దొరికింది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు, వెన్నుపూసల మధ్యనుండే డిస్కు చిట్లి నరాన్ని నొక్కడం వల్ల కాలిలోకి దిగే నొప్పి వస్తుందని నిరూపించారు. అది గొప్ప ఆవిష్కరణే. అయితే ఆ తరువాత ప్రతి నడుమునొప్పిలోనూ ఒక చెడిన డిస్కును చూడడం అలవాటయింది. నడుము ఒక యంత్రం, అందులో ఒక భాగం పాడయింది, కదిలిస్తే ఇంకా పాడవుతుంది అన్న భావం వైద్యులతోపాటు రోగుల మనసులలోనూ నాటుకుంది. మా నాన్నగారి వంగుడు భయానికి మూలం ఇక్కడుంది.

ఇప్పుడు నన్ను కలవరపెట్టిన సంవత్సరం దగ్గరకు వస్తాను. 1986లో రిచర్డ్ డెయో, ఆయన సహచరులు టెక్సాస్‌లో 203 మంది నడుమునొప్పి రోగులను తీసుకొని, కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పారు. రెండు రోజులవారు పనికి పోగొట్టుకున్న దినాలు 45 శాతం తక్కువ. తక్కిన విషయాలలో ఇరువర్గాలకూ తేడా లేదు. అంటే, ఎక్కువ రోజులు పడుకున్నందువల్ల ఒరిగినదేమీ లేదు. ఈ వ్యాసం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. మా ఇంట్లో బల్ల వేసినది ఆ తరువాత ఐదేళ్ళకు. ఒక పత్రికలోని మాట మా పట్నందాకా రావడానికి ఐదేళ్ళు చాలలేదు. ఆ వైద్యుడు తాను చదువుకున్నదే చెప్పాడు. నేను విన్నదే అమలుచేశాను.

1995లో ఫిన్లండ్ వైద్యులు మరో అడుగు వేశారు. హెల్సింకీ నగరపాలక ఉద్యోగులు 186 మందిని మూడు వర్గాలు చేసి, ఒక వర్గానికి రెండు రోజుల పడక, మరొక వర్గానికి నడుమును కదిలించే వ్యాయామాలు, మూడో వర్గానికి నొప్పి ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకోమన్న మాట మాత్రమే ఇచ్చారు. త్వరగా కోలుకున్నది మూడో వర్గం. పడుకున్నవారు అందరికంటె వెనకబడ్డారు. నొప్పి కొత్తగా పట్టుకున్న ఆ తొలి రోజులలో ప్రత్యేక వ్యాయామం కన్నా కూడా మామూలు కదలికే మేలయిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగ్గది.

వ్యాయామ పక్షంలోనూ పోట్లాటలు లేకపోలేదు. 1937లో పాల్ విలియమ్స్ అనే అమెరికన్ వైద్యుడు నడుమును ముందుకు వంచే వ్యాయామాలను ప్రచారం చేశాడు. 1956లో న్యూజీలాండ్‌లో రాబిన్ మెకెంజీ దగ్గరకు వచ్చిన ఒక రోగి, తలవైపు ఎత్తి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకొని ఐదు నిమిషాలు వెనక్కి వంగి ఉండిపోయాడు. లేచేసరికి కాలినొప్పి మాయం! మెకెంజీ పద్ధతి అక్కడ పుట్టింది. ఒకాయన ముందుకు వంగమంటే మరొకాయన వెనక్కి వంగమన్నాడు. శైవ వైష్ణవ వివాదాలు చదివినవారికి ఇది వింత కాదు.

ఇక నడుము బిగించే మతానికి వద్దాం. దీనికి ఆచార్యుడు యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన, మన దేశపు మూలాలున్న మనోహర్ పంజాబీ. కండరాలన్నీ ఒలిచేసిన కటి వెన్నెముక ఎంత బరువు మోయగలదని ఆయన బృందం పరీక్షించింది. సుమారు 90 న్యూటన్లు, అంటే తొమ్మిది కిలోల బరువుకే అది మెలిక తిరిగిపోతుంది. మరి మనం బస్తాలెలా మోస్తున్నాం? వెన్నును నిలబెట్టేవి మూడు వ్యవస్థలని 1992లో ఆయన ప్రతిపాదించాడు. ఎముకలు, డిస్కులు, స్నాయువులు ఒకటి, కండరాలు రెండవది, ఎప్పుడు ఏ కండరం ఎంత బిగియాలో చెప్పే నాడీమండలం మూడవది. ఒకటి బలహీనపడితే తక్కిన రెండూ భారం సర్దుకుంటాయి. గుడారం గుంజ ఒక్కటీ నిలబడదు, చుట్టూ తాళ్ళు సమంగా లాగి ఉంచాలి. ఇది నా పోలిక, ఆయనది కాదు.

1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండ్ విశ్వవిద్యాలయంలో పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ చేసిన ప్రయోగం ఈ మతానికి మూలగ్రంథం. నడుమునొప్పి ఉన్నవారు పదిహేను మంది, లేనివారు పదిహేను మంది. కండరాలలోకి సన్నని తీగలు గుచ్చి, చెయ్యి గబుక్కున ఎత్తమన్నారు. ఆరోగ్యవంతులలో భుజం కండరం కదలకముందే పొట్ట లోతున అడ్డంగా చుట్టుకొని ఉండే ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ అనే కండరం బిగిసింది. చెయ్యి కదలబోతోందని నడుముకు ముందే కబురందిందన్నమాట! నొప్పి ఉన్నవారిలో ఆ బిగింపు ఆలస్యమయింది. ఆ కండరానికి తెలుగు పేరు పెట్టమంటే నడికట్టు అంటాను. నాగలి పట్టబోయే ముందు మనవాళ్ళు దట్టీ బిగించినట్లు, దేహం తన దట్టీ తానే బిగించుకుంటోంది.

2001లో అదే విశ్వవిద్యాలయానికి చెందిన జూలీ హైడ్స్ బృందం మరొక సంగతి చెప్పింది. మొదటిసారి నడుము పట్టేసిన 39 మందిలో, వెన్నును ఆనుకుని ఉండే మల్టిఫిడస్ అనే చిన్న కండరానికి ప్రత్యేక శిక్షణ పొందినవారికి ఏడాదిలోగా నొప్పి తిరగబెట్టినది 30 శాతం మందికి. పొందనివారిలో 84 శాతం మందికి. చిన్న ప్రయోగమే గాని, ఇంత తేడా కనిపిస్తే ఎవరు ఊరుకుంటారు?

ఊరుకోలేదు. 'కోర్' అన్న మాట ప్రయోగశాల దాటి వ్యాయామశాలలకెక్కింది. ఇటలీలో అక్విలీనో కొసాని 1963లో తయారుచేసిన పెద్ద ప్లాస్టిక్ బంతి, స్విట్జర్లండ్ ఫిజియోథెరపిస్టుల చేతిలో మెరుగులు దిద్దుకొని 'స్విస్ బాల్'గా వాడవాడలా దొర్లింది. అంతకు ముందెప్పుడో, మొదటి ప్రపంచయుద్ధంలో ఆంగ్లేయుల నిర్బంధంలో గడిపి, 1926లో న్యూయార్కు చేరిన జోసెఫ్ పిలాటిస్ అనే జర్మన్ దేశీయుడు తన వ్యాయామ పద్ధతికి 'కంట్రాలజీ' అని పేరు పెట్టుకున్నాడు. నృత్యకారులు ఆయన దగ్గరకు వరసకట్టేవారు. 1967లో ఆయన పోయాడు. కోర్ పేరిట వచ్చిన వెల్లువలో ఆయన పేరు ఊరూరా బోర్డుకెక్కింది.

2013లో నా నడుమూ పట్టేసింది. ఈసారి బల్ల లేదు, సంతోషం. బొడ్డును వెన్నుకు తగిలించినట్లు లోపలికి లాగిపట్టి ఉంచాలని, కూర్చున్నా లేచినా ఆ బిగింపు వదలరాదని ఉపదేశం. నేను పంతులును కదా, పాఠం తప్పను. రెండేళ్ళు అక్షరాలా పాటించాను. నల్లబల్ల దగ్గర సుద్దముక్క కిందపడితే, పొట్ట బిగించి, ఊపిరి సరిచూసుకొని, నడుము వంగకుండా మోకాళ్ళ మీద దిగేవాణ్ణి. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయేవారు. నాన్నగారికి బల్ల ఇచ్చిన భయమే నాకు బిగింపు ఇచ్చిందని అప్పుడు తట్టలేదు.

ఆ మతంలోనే చీలికలున్నాయి. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయపు స్టూవర్ట్ మెక్‌గిల్, ఒక్క కండరాన్ని లోపలికి లాగడం కాదు, పొట్టమీద ఎవరో గుద్దబోతున్నట్లు చుట్టూ ఉన్న కండరాలన్నిటినీ కలిపి బిగించాలన్నాడు. ఆయన చెప్పిన మూడు వ్యాయామాలు, అనగా తల, భుజాలు మాత్రం కొద్దిగా ఎత్తడం, పక్కకు ఒరిగి మోచేతి మీద నిలవడం, చతుష్పాద భంగిమలో ఎదురెదురు చెయ్యి కాలు చాచడం, నేటికీ చాలామంది చేస్తున్నారు. మంచి వ్యాయామాలే. 2010లో లండన్‌లోని ఎయాల్ లెడర్‌మన్, కోర్ సిద్ధాంతాన్నే అపోహ అని శీర్షిక పెట్టి వ్యాసం ప్రకటించాడు. నడికట్టు ఆలస్యంగా బిగియడం నొప్పికి కారణమా, లేక నొప్పికి ఫలితమా అన్నది ఆయన సంధించిన ప్రశ్నలలో ముఖ్యమైనది. 2016లో కోక్రేన్ సంస్థ 29 ప్రయోగాలను, వాటిలోని 2431 మందిని కలిపి పరిశీలించింది. దీర్ఘకాలిక నడుమునొప్పికి ఈ ప్రత్యేక శిక్షణ ఉపకరిస్తుంది. అయితే ఇతర వ్యాయామాలకంటె చెప్పుకోదగ్గంత మిన్న కాదు. 2021లో అదే సంస్థ 249 ప్రయోగాలను చూసి, ఏ వైద్యమూ లేకపోవడం కన్నా వ్యాయామం మేలు కావచ్చునని తేల్చింది. బిగింపు పనిచేసింది బిగింపు కాబట్టి కాదు, కదలిక కాబట్టి అన్నమాట. ఇది నా వ్యాఖ్యానం.

ఇటీవల 'ఫంక్షనల్ ట్రైనింగ్' అంటున్నారు. ఒక్కొక్క కండరాన్ని విడదీసి కాక, జీవితంలో చేసే పనులనే, వంగడం, ఎత్తడం, మోయడం, తోయడం, సాధన చేయించడం. ఇది చదవగానే మనవాళ్ళు రోలు, రోకలి, ఏతాం గుర్తుచేసుకొని మీసం మెలేస్తారు. నాకూ ఆ చాపల్యం ఉంది. మన తాలీంఖానాలలో దండీలు, బస్కీలు, గదలు ఉండేవి. వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తిగారు రొమ్ముమీద ఏనుగును నిలిపిన ఖ్యాతి తెలుగువాళ్ళకు కొత్త కాదు. సుశ్రుతుడు వ్యాయామాన్ని సగం బలం మేరకే చేయమన్నాడు. ఊపిరి నోటిదాకా వచ్చినప్పుడు సగం బలం అయినట్లు గుర్తు. కొత్తగా మొదలుపెట్టేవాడికి ఇప్పటికీ ఇంతకంటె పనికివచ్చే కొలమానం నాకు కనబడలేదు. (గుంజీళ్ళు వ్యాయామమే గాని, శిక్షగా తీయించి పిల్లలకు దానిమీద రోత పుట్టించిన పాపంలో నాకూ భాగముంది.) అయినా, రోజంతా నడుము వంచి వరినాట్లు వేసిన ఆడకూలీలకు నడుమునొప్పి లేదని ఎవరూ అనకండి. వారినెవరూ అడగలేదు, అంతే. వారిది శిక్షణ కాదు, బతుకుతెరువు. సగం బలం దగ్గర ఆగే స్వేచ్ఛ వారికి లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం 2020లో నడుమునొప్పితో ఉన్నవారు 61.9 కోట్లమంది. (కాలు మొద్దుబారడం, మూత్రంపై అదుపు తప్పడం, జ్వరంతో కూడిన నొప్పి వంటివి వేరు. వాటికి వెంటనే వైద్యుని దగ్గరకు పరుగెత్తవలసిందే.)

చివరగా నేను చదివినది 2024లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా ప్రయోగం. నడుమునొప్పి నుంచి అప్పుడే కోలుకున్న 701 మందిలో ఒక వర్గానికి ఫిజియోథెరపిస్టు సలహాతో నడక అలవాటు చేశారు. క్రమంగా పెంచుకుంటూ వారానికి ఐదుసార్లు, రోజుకు అరగంట. రెండో వర్గాన్ని వారి మానాన వదిలారు. నొప్పి తిరగబెట్టేదాకా గడిచిన రోజుల మధ్యగతం రెండో వర్గంలో 112, నడిచినవారిలో 208. బల్ల అక్కరలేదు, బంతి అక్కరలేదు, బొడ్డును లోపలికి లాగి పట్టనక్కరలేదు.

మా ఇంటినుంచి చేను మైలున్నర. మామూలుగా నడిస్తే అరగంట. ఆ పదోనాడు నాన్నగారు వెళ్తానన్నది అక్కడికే.