ఐడిల్‌లో వణికే బండి: ఒక మరమ్మతు తారీఖ్

అబ్బా కారు 1997 మోడల్ మారుతి 800. ఆయన ఇంతెఖాల్ తర్వాత నాలుగేళ్లు అమ్మీ దాన్ని అమ్మనివ్వలేదు. చివరికి ఆమె కూడా అయిష్టంగానే సరేనంది. కారణం ఒకటే. బండి ఆగి ఉన్నప్పుడు వణుకుతుంది, గేరు తీసి కాలు ఎత్తగానే ఇంజిన్ దిగజారి చచ్చిపోతుంది. పట్నంలో ఒక వర్క్‌షాపువాళ్లు కార్బొరేటర్ మొత్తం మార్చాలన్నారు, లేదా తుక్కుకి ఇచ్చేయమన్నారు. కొత్తగూడెంలో కొనేవాడు దొరికాడు. బండి అప్పజెప్పడానికి ఇల్లందు మీదుగా బయల్దేరాను.

ఇల్లందులో రెండుసార్లు ఆగింది. టేకులపల్లిలో మూడోసారి. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో డెబ్బై దాటిన ఒక చాచా కూర్చుని ఉన్నారు. తెల్ల గడ్డం, చేతులకు గ్రీజు. సలాం చెప్పి సంగతి చెప్పాను. నేను మాట్లాడుతూనే ఐడిల్ స్క్రూ తిప్పబోయాను. ప్రతి మెకానిక్కూ అదే తిప్పాడు, నేనూ నేర్చుకున్నాను.

"పేచ్ నక్కో ఫిరావ్ బేటా. పహలే సాంస్ దేఖో" అన్నారు చాచా. స్క్రూ తిప్పకు, ముందు ఊపిరి చూడు అని.

ఆ ఒక్క మాట నన్ను చాలా దూరం తీసుకెళ్లింది. అందుకే ఈ మజ్మూన్.

ఐడిల్ అంటే ఏంటి? బండి నడవకుండా ఇంజిన్ తనని తాను బతికించుకునే హాలత్. పెద్ద ఊపిరి తీసుకునే దర్వాజా, అంటే థ్రాటిల్, దాదాపు మూసి ఉంటుంది. సన్నటి సందులోంచి వచ్చే కాస్త గాలి, దానికి తగ్గ చుక్క పెట్రోలు, అంతే ఖురాక్. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. ఆ అందాజ్ కొద్దిగా తప్పినా రోడ్డు మీద తెలియదు, నిలబడ్డప్పుడు తెలుస్తుంది. మారుతి 800కి మూడే సిలిండర్లు. ఒకటి సుస్తీ చేస్తే మూడో వంతు బలం పోయినట్టే. అందుకే అంత వణుకు.

ఈ పరేషానీ మోటారు కారంత పాతది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ పొందిన బండిలో గాలి పెట్రోలు మీదుగా పోతూ ఆవిరిని మోసుకెళ్లేది. 1893లో విల్హెల్మ్ మేబాక్ సన్నని ముక్కులోంచి పెట్రోలును చిమ్మే కార్బొరేటర్ చేశాడు. దాని పక్కనే ఒక చిన్న గిన్నె, అందులో తేలే బుడ్డి. పెట్రోలు తగ్గితే బుడ్డి దిగి దారి తెరుస్తుంది, నిండితే లేచి మూసేస్తుంది.

ఈ తేలే బుడ్డి సంగతి చదివినప్పుడు నాకు బనూ మూసా గుర్తొచ్చారు. తొమ్మిదో సదీలో బగ్దాద్‌లో ఉన్న ముగ్గురు అన్నదమ్ములు: ముహమ్మద్, అహ్మద్, హసన్. సుమారు 850లో రాసిన కితాబుల్ హియల్‌లో నీళ్లు ఒక హద్దుకు రాగానే వాటంతటవే ఆగే యంత్రాలు ఉన్నాయి. వాళ్లకంటే వెయ్యేళ్ల ముందే అలెగ్జాండ్రియాలో టెసీబియస్ నీటి గడియారానికి తేలే మూత వాడాడు. కార్బొరేటర్‌ను మనవాళ్లే కనిపెట్టారని నేను అనడం లేదు. అలాంటి గొప్పలు మనకు ఫాయిదా చేయవు. ఇల్మ్ చేతి నుంచి చేతికి నడిచి వస్తుందని మాత్రమే అంటున్నాను. ఏ చేయి ఆగిపోయినా వరస తెగుతుంది.

ఆ రోజుల్లో ఐడిల్ మీద బండి నిలవడం ప్రాణం మీద సంగతి కూడా. ఇంజిన్ ఆగితే ముందుకెళ్లి ఇనుప హ్యాండిల్ తిప్పాలి. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. 1912 మోడల్ క్యాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ తయారు చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాకే ఆ ఖతరా తగ్గడం మొదలైంది.

ఇంజిన్లు మన ఇలాఖాకి ఎలా వచ్చాయి? ముందు బొగ్గు వచ్చింది. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనుక్కున్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. బొగ్గు వెంట రైలు వచ్చింది. నిజాం రాజ్యంలో 1932లో సర్కారీ బస్సుల శాఖ మొదలైంది. అప్పుడు 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ శాఖే తర్వాత ఆర్టీసీకి బునియాద్ అయింది. బస్సు ఉన్నచోట గ్యారేజీ, గ్యారేజీ ఉన్నచోట ఉస్తాద్, ఉస్తాద్ దగ్గర షాగిర్ద్.

అదే జమానాలో హైదరాబాద్‌లో ఇంకో ప్రయత్నం జరిగింది. 1917లో దారుల్ తర్జుమా, 1918లో ఉస్మానియా యూనివర్సిటీ. సైన్సూ ఇంజినీరింగూ ఉర్దూలో చెప్పడానికి కొత్త మాటలు పుట్టించారు. 1948 తర్వాత యూనివర్సిటీలో ఆ తాలీమ్ ఆగిపోయింది. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, ఆ మాటలు నాకు పాత పుస్తకాల్లోనే దొరికాయి. షెడ్డులో మాత్రం బతికే ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌ని పేచ్‌కష్ అంటారు. ఫారసీలో పేచ్ అంటే మెలిక, కష్ అంటే లాగేది. పానా అంటే ఉర్దూవాడికీ తెలుగువాడికీ ఒకటే. మిస్త్రీ అనే మాట పోర్చుగీసు నుంచి వచ్చింది. ఇక మనం రోజూ అనే మరమ్మతు, అచ్చంగా అరబీ మాట. తెలుగు ఇంట్లో అది ఎంతగా కలిసిపోయిందంటే ఎవరూ దాని ఊరు అడగరు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అంబాసిడర్, ఫియట్ కొనలేని ఇళ్లకు కూడా కారు వచ్చింది. పెద్ద రించి, చిన్న పేచ్‌కష్, పదునైన చెవి ఉంటే ఆ బండిని చెట్టు కింద కూడా బాగుచేయొచ్చు. తర్వాత పొగ మీద ఖానూన్లు గట్టిపడ్డాయి. 2000 ఏప్రిల్ నుంచి దేశమంతా కొత్త హద్దులు వచ్చాయి, కార్లలో కార్బొరేటర్ పోయి కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు చిమ్మే పద్ధతి వచ్చింది. గాలికి అది మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఐడిల్ అందాజ్ మిస్త్రీ చేతిలోంచి మూసిన డబ్బాలోకి వెళ్లింది. స్కానర్ లేనివాడు ఆ డబ్బాతో మాట్లాడలేడు.

ఇప్పుడు చాచా చేసింది చెబుతాను. మీ ఇంట్లో ఇలాంటి పాత కార్బొరేటర్ బండి ఉంటే పనికొస్తుంది.

ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూశారు. ఈ రోడ్డు మీద బొగ్గు లారీలు తిరుగుతాయి, ఫిల్టర్ మసితో నిండితే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది, నల్ల పొగ వస్తుంది. మాది బాగానే ఉంది. తర్వాత ఇంజిన్ వేడెక్కాక చోక్ కొద్దిగా లాగమన్నారు. ఇంజిన్ తేరుకుంది. "సునే?" అన్నారు. చోక్ గాలిని తగ్గిస్తుంది. అప్పుడు బాగుపడితే ఇంజిన్‌కి గాలి ఎక్కువవుతోందని, లేదా ఐడిల్ జెట్ మూసుకుపోయి పెట్రోలు తక్కువ వస్తోందని నిషానీ. చోక్‌తో ఇంకా పాడైతే పెట్రోలు ఎక్కువైనట్టు.

తర్వాత మందపాటి రబ్బరు తొడుగు వేసుకుని ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి పెట్టారు. ఏ వైరు తీసినా ఇంజిన్ ఇంకా దిగింది, అంటే మూడు సిలిండర్లూ పనిచేస్తున్నాయి. ఇది ఇంట్లో చేయొద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. కొత్త బండ్లలో అయితే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

ఆఖరికి ఆయన వంగి చెవి పెట్టారు. ఒక హకీం నబ్జ్ పట్టినట్టు వేలితో ఒక్కో గొట్టాన్ని నొక్కుతూ వచ్చారు. మానిఫోల్డ్‌కి తగిలించిన సన్న రబ్బరు గొట్టం ఒకటి నొక్కగానే వణుకు ఆగింది. వెనక వైపు, కంటికి కనపడనిచోట, గోరంత పగులు. లెక్కలో లేని గాలి అక్కడినుంచి లోపలికి వస్తోంది. రోడ్డు మీద ఇంజిన్ బోలెడంత గాలి తాగుతుంది కాబట్టి ఈ కొంచెం లెక్కలోకి రాదు. ఐడిల్‌లో తాగేదే కొంచెం, అందులో ఈ దొంగ గాలి పెద్ద హిస్సా. అందరూ స్క్రూ తిప్పి స్పీడు పెంచి ఆ మర్జ్‌ను దాచారు. రెండు వారాలకు పగులు పెరిగేది, మళ్లీ స్క్రూ తిప్పేవాళ్లు.

అరచేయంత కొత్త గొట్టం వేసి, అప్పుడు స్క్రూ వెనక్కి తిప్పారు. మీటర్ లేదు. విని ఆపారు. ఇంజిన్ మెల్లగా, సమంగా గురగురమంది. గొట్టం ఖరీదు తీసుకుని, మజూరీ నామమాత్రంగా అడిగారు.

పని ఎవరు నేర్చుకుంటున్నారని అడిగాను. "కోయి నై" అన్నారు. పెద్దకొడుకు పట్నంలో నౌకరీ. మనవడిని షెడ్డులోకి రానివ్వరట ఇంట్లో.

నాకు సిగ్గనిపించింది. చిన్నప్పుడు మార్కులు తగ్గితే మా ఇంట్లో ఒకటే ధమ్కీ: "చదవకపోతే మోటారు షెడ్డులో పెడతా." మీ ఇంట్లోనూ ఇదే మాట విని ఉంటారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు కూడా ముస్లిం కార్మికులు ఎక్కువగా కనిపించే పనుల్లో మోటారు రిపేరును చెప్పింది. దాన్ని మనం వెనకబాటు లెక్కగానే చదివాం. పిల్లలు చదువుకోవాలి, అందులో షక్ లేదు. బడి మానిపించి పానా పట్టించిన జమానా తిరిగి రావొద్దు. కానీ ఆ షెడ్డులో ఉన్నదీ ఇల్మే. కిందనుంచి మీదకు, సులువైనదాన్నుంచి కష్టమైనదానికి, ఒక్కో అనుమానం కొట్టేస్తూ పోవడం, దాన్నే యూనివర్సిటీలో పరిశోధన అంటారు. మనం దాన్ని శిక్షగా పేరు పెట్టి పిల్లల్ని భయపెట్టాం. అందుకే ఎవరూ రాసిపెట్టలేదు.

బయల్దేరేముందు కొత్తగూడెం ఆయనకు ఫోన్ చేసి మాఫీ అడిగాను, బండి అమ్మడం లేదని చెప్పాను. అమ్మీకి చెబితే కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "చాచా పేరు అడిగావా?" అంది.

అడగలేదు. వచ్చే జుమా తర్వాత మళ్లీ వెళ్తున్నాను, ఈసారి నోట్‌బుక్‌తో.