ఆటుపోట్లను లెక్కగట్టిన ఇత్తడి చక్రాలు

పంతొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్లలో బొంబాయి, మద్రాసు, నాగపట్నం, విశాఖపట్నం వంటి రేవుల్లో సముద్ర మట్టాన్ని రాసుకునే చిన్న గదులు వెలిశాయి. గది కింద నిలువుగా ఒక బావి. సముద్రపు నీరు అందులోకి సన్నటి దారి గుండానే రావాలి. బయట అల ఎంత ఎగిరిపడినా బావిలో నీరు పెద్దగా చలించదు. గంటల తరబడి నిదానంగా పెరిగే పోటు మాత్రం ఆ దారిలోంచే వచ్చి బావిని నింపుతుంది. నీటి మీద తేలే లోహపు డొల్లకు కట్టిన తీగ పైన ఒక పెన్సిల్‌ను కదుపుతుంది. గడియారంతో పాటు తిరిగే కాగితం మీద రాత్రీ పగలూ గీత పడుతూనే ఉంటుంది.

అల గాలి బిడ్డ. గాలి నీటిని రాసుకుంటూ పోతే పుడుతుంది, కొన్ని సెకన్లకొకటి చొప్పున ఒడ్డును తాకుతుంది. ఆటుపోట్లు అలా కాదు. చంద్రుడు తనకు దగ్గరగా ఉన్న నీటిని ఎక్కువగా, భూమికి అవతలి వైపున్న నీటిని తక్కువగా లాగుతాడు. ఈ తేడా వల్లే రెండు వైపులా నీరు ఉబ్బుతుంది. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడూ కాస్త ముందుకు జరుగుతాడు కాబట్టి, మన తీరంలో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యుడి లాగుడు కూడా తోడై పోటు హెచ్చుతుంది. అష్టమి ప్రాంతంలో తగ్గుతుంది.

ఇంతవరకూ మన జాలరులకు ఏ పుస్తకమూ అక్కర్లేదు. తిథి తెలిస్తే చాలు. చిక్కంతా బరువైన ఓడలతో వచ్చింది. హుగ్లీ నదిలో ఇసుక మేటలు దాటాలంటే పోటు ఎన్ని అడుగులు, ఏ నిమిషానికి అన్నది ముందే తెలియాలి. పైగా ఏ రేవు తీరు దానిదే. విశాఖలో పౌర్ణమి పోటైనా దాదాపు ఒకటిన్నర మీటర్లే. ఖంభాత్ సింధుశాఖలోని భావ్‌నగర్ దగ్గర పది మీటర్లు దాటుతుంది. నేల వాలు, తీరం వంపు, లోతు కలిసి ప్రతిచోటా లెక్క మార్చేస్తాయి. అందుకే ఆకాశాన్ని చూసి సూత్రం చెబితే సరిపోదు, ఆ రేవులోనే కొలవాలి.

ఆ కొలతల్ని లెక్కగా మార్చే దారి చూపినవాడు భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్. తర్వాతి రోజుల్లో లార్డ్ కెల్విన్ అయ్యాడు. పోటు గీత ఎంత వంకరగా ఉన్నా, అది వేర్వేరు వేగాలతో లేచి పడే ఎన్నో సాదా అలల కూడిక అన్నాడు. చంద్రుడిది ఒకటి, సూర్యుడిది ఒకటి, చంద్రుడు దగ్గరకొచ్చి దూరం జరిగినందుకు ఇంకొకటి. ఒక్కో రేవుకు వీటి పాళ్లు ఒకసారి తేలిస్తే ఎన్నేళ్ల ముందు పోటునైనా చెప్పవచ్చు. కానీ ఆ కూడికలు చేతితో చేయడం ప్రాణం తీసే పని. అందుకే 1872లో థామ్సన్ ఆ పనిని ఇత్తడికి అప్పగించాడు. ఒక్కో అలకు ఒక చక్రం. ప్రతి చక్రం తన వేగంతో ఒక కప్పీని పైకీ కిందికీ ఆడిస్తుంది. అన్ని కప్పీల మీదుగా ఒకే తీగ పోతుంది. తీగ కొసన ఉన్న కలం ఆ మొత్తాన్ని గీస్తుంది.

మన రేవుల కోసమే 1879లో ఇండియా ఆఫీసు ఖర్చుతో లండన్‌లో మరో పెద్ద యంత్రం తయారైంది. దాన్ని రూపొందించి నడిపినవాడు ఎడ్వర్డ్ రాబర్ట్స్. కొలతల పనిని ఇక్కడ భారత సర్వే శాఖ తరఫున కెప్టెన్ బేర్డ్ నడిపాడు. రేవు గదిలో కాగితం మార్చి, గడియారానికి కీ ఇచ్చి, గీత ఆగకుండా కాపలా కాసిన ఉద్యోగుల పేర్లు ఆ చరిత్రలో పెద్దగా వినిపించవు. నిజానికి వాళ్ల శ్రద్ధే లేకపోతే లండన్ యంత్రానికి మేత లేదు.

ఆ శ్రద్ధ ఎవరూ అనుకోని చోట పనికొచ్చింది. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర భూకంపం వచ్చింది. దాంతో పుట్టిన సునామీకి విశాఖపట్నంతో సహా బంగాళాఖాతపు రేవుల్లో పెన్సిల్ గీతలు ఉన్నట్టుండి వణికాయి. 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పుడూ అంతే. 1881 నాటి ఆ గీతల్ని తిరిగి లెక్కవేసి, భూకంప తీవ్రత దాదాపు 7.9 అని శాస్త్రవేత్తలు 2003లో తేల్చారు.

రాబర్ట్స్ 1906లో 40 చక్రాలతో ఇంకో యంత్రం చేయించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అది లివర్‌పూల్ దగ్గర ఆటుపోట్ల శాస్త్రవేత్త ఆర్థర్ డూడ్సన్ చేతిలో ఉంది. ఎక్కడిదో చెప్పకుండా నౌకాదళం పంపిన అంకెలతో ఆయన పోటు లెక్కలు తీశాడు. అవి ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానివి. అక్కడ దిగబోయే మిత్రరాజ్యాల సేనలకు, జర్మన్లు నాటిన అడ్డంకులు బయటపడేలా నీరు తగ్గి, మళ్లీ పెరగడం మొదలుపెట్టే వేళ కావాలి. 1944 జూన్ 6న అమెరికన్ సైనికులు పొద్దున ఆరున్నరకు దిగారు. పోటు పడమటి నుంచి తూర్పుకు ఆలస్యంగా చేరుతుంది కాబట్టి బ్రిటిష్ వాళ్లు దాదాపు గంట తర్వాత దిగారు.

ఇప్పుడు ఇత్తడి చక్రాల పని కంప్యూటరుది. అయినా లెక్క థామ్సన్‌దే. 2004 సునామీ తర్వాత, 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. తీరంలోని కొలమానాల అంకెలు ఉపగ్రహం ద్వారా అక్కడికి చేరతాయి. వాటిలోంచి ముందే లెక్కగట్టిన పోటును తీసేస్తారు. మిగిలిన దాన్నిబట్టి సునామీ వచ్చిందో లేదో తెలుస్తుంది.